పాత పైపు మీది తారు ఎక్కడికి పోతుంది?

ఊరి చివర పాత ఇనుము గోడౌన్ల పక్కనుంచి వెళ్లేవాళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. లారీలోంచి దించిన పెద్ద పెద్ద నల్లటి పైపులు వరసగా పడి ఉంటాయి. ఒకతను నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని గ్యాస్ కటింగ్ చేస్తుంటాడు. పైపు ఇంకా ఎర్రబడకముందే దట్టమైన పొగ లేస్తుంది. ఇనుము అంత పొగ రానివ్వదు. ఆ పొగ పైపుకు వేసిన పూతది.

తాగునీటి లైన్లు, గ్యాస్ లైన్లు, ఫ్యాక్టరీల లోపలి పైపులు మార్చినప్పుడల్లా టన్నుల కొద్దీ ఉక్కు బయటికొస్తుంది. ఉక్కును ఎన్నిసార్లు కరిగించినా మళ్లీ ఉక్కే అవుతుంది కాబట్టి దాన్ని పారేసేవాళ్లెవరూ ఉండరు. కేంద్ర ప్రభుత్వం 2019లో ఉక్కు తుక్కు రీసైక్లింగ్ కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా పూత దగ్గరే. దాన్ని గీకేసి పంపాలని కొందరు, ముట్టుకోకుండా కొలిమికి పంపడమే నయమని కొందరు, అసలు పైపును భూమిలోంచి తీయకపోతే పోయేదేముందని ఇంకొందరు అంటారు. ముగ్గురి మాటలోనూ పస ఉంది.

నల్లగా ఉన్నదంతా ఒకటే తారు కాదు

భూమిలో పాతిన ఉక్కు తుప్పు పట్టకుండా ఉండాలంటే తడి తగలకూడదు. పూత పని అదే. ఏ కాలంలో ఏది చౌకగా, గట్టిగా దొరికితే దాన్ని పూశారు. అందుకే పైపు వయసు తెలిస్తే పూత సంగతి సగం తెలిసినట్టే.

గత శతాబ్దంలో చాలాకాలం నడిచింది కోల్‌తార్ ఎనామిల్. బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు దిగే తారును ఇంకా చిక్కబరిచి, అందులో టాల్కులాంటి రాతిపొడి కలిపి, 200 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటేలా కాచి పైపు మీద పోసేవారు. అది వేడిగా ఉండగానే చుట్టూ గాజుపీచు గుడ్డ, ఆపైన తారులో నానబెట్టిన ఫెల్టు, అంటే నారను అదిమి చేసిన మందపాటి గుడ్డ, చుట్టేవారు. పాత లైన్లు చాలావాటిలో ఈ పై ఫెల్టు ఆస్‌బెస్టాస్‌తో చేసిందే. భూమిలో వేసే ఉక్కు పైపులకు పూత, చుట్టు ఎలా ఉండాలో చెప్పే మన ఐఎస్ 10221 ప్రమాణం 1982లో వచ్చింది. కోల్‌తార్ అప్పటికి మామూలు సరుకు.

ఇక్కడొక తికమక ఉంది. మన మాటలో తారు అన్నా డాంబరు అన్నా ఒకటే. రోడ్డుకు వేసేదీ అదే, పైపుకు పూసేదీ అదే అనుకుంటాం. రోడ్డుకు వాడే బిటుమెన్ ముడి చమురును శుద్ధి చేయగా అడుగున మిగిలేది. కోల్‌తార్ బొగ్గులోంచి వచ్చేది. చూపుకు కవల పిల్లల్లా ఉంటాయి గానీ, క్యాన్సర్ తెచ్చే బహువలయ హైడ్రోకార్బన్లు కోల్‌తార్‌లో ఎన్నో రెట్లు ఎక్కువ. బిటుమెన్ ముక్కను పెయింటు థిన్నర్‌లాంటి ద్రావకంలో వేస్తే చక్కగా కరిగి గోధుమ నలుపు రంగు ఇస్తుంది. కోల్‌తార్ అంత తేలిగ్గా లొంగదు, ద్రావకం పసుపు పచ్చగా తిరుగుతుంది. ఇది తొలి అనుమానానికి పనికొచ్చే గుర్తు మాత్రమే. ఖాయంగా తేల్చేది ల్యాబ్.

భూమి పైన ఉండే పైపుల కథ వేరు. వాటికి ప్రైమర్‌గా ఎర్ర సీసం, అంటే సీస సిందూరం పూసేవారు. ఆంజనేయస్వామి విగ్రహాల మీద చూసే ఆ నారింజ ఎరుపే. పసుపు రంగు ప్రైమర్ కనిపిస్తే జింక్ క్రోమేట్ అయి ఉండొచ్చు. అందులో ఉండే ఆరు సంయోజకతల క్రోమియం క్యాన్సర్ కారకం. ఇళ్లలో వాడే జీఐ పైపు మీద ఉండేది జింకు. కొత్త తరం గ్యాస్ లైన్లకు ఎపాక్సీ పొడి పూత, దాని మీద పాలీఇథిలీన్ పొర వేస్తున్నారు. గట్టిగా ఉన్నంతకాలం వీటితో పెద్ద భయం లేదు. పాలీయురెథేన్ పూతలు మాత్రం కాల్చితే ఐసోసయనేట్లు వదులుతాయి. భోపాల్ తర్వాత ఆ కుటుంబం పేరు మనకు పరిచయం చేయక్కర్లేదు.

పైపు లోపలి వైపు కూడా ఖాళీ అనుకోకూడదు. చమురు బావుల పైపుల్లో గోడకు అంటుకునే బేరియం సల్ఫేట్ పొలుసులో సహజంగా వచ్చిన రేడియం ఉండొచ్చు. రేడియం 226 అర్ధాయువు దాదాపు 1,600 ఏళ్లు. అమెరికాలో కొన్ని పాత గ్యాస్ లైన్ల లోపల కంప్రెసర్ నూనెల నుంచి చేరిన పీసీబీలు అనే విషపు క్లోరిన్ రసాయనాలు దొరికాయి. తుక్కులో కంటికి కనిపించని రేడియేషన్ ఏం చేస్తుందో 2010లో ఢిల్లీ మాయాపురి మార్కెట్ చూపించింది. అక్కడికి వచ్చింది పైపు కాదు, ఒక యూనివర్సిటీ ల్యాబ్ నుంచి పాత సామానుగా వచ్చిన కోబాల్ట్ 60 యంత్రం. ఒకరు చనిపోయారు. రేడియేషన్ కొలిచే పరికరం గోడౌన్ గేటు దగ్గరే ఎందుకుండాలో అప్పటినుంచి ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

గడ్డగా ఉన్న విషం, గాలిలోకి లేచిన విషం

పైపు మీద గడ్డకట్టి ఉన్న సీసం రంగు, తారు, ఆస్‌బెస్టాస్ ఫెల్టు పక్కన నిలబడితే ఏమీ చేయవు. పదార్థం అదే ఉండి రూపం మారినప్పుడు ప్రమాదం మొదలవుతుంది. గీకితే ధూళి, కాల్చితే పొగ, కడిగితే బురదనీళ్లు. పూత తీసే పద్ధతుల మీద జరిగే వాదన మొత్తం ఈ మూడింటిలో దేన్ని పట్టుకోవడం తేలిక అన్నదాని గురించే.

సీసాన్ని తీసుకుని ఒక లెక్క వేద్దాం. అంకెలు కొన్ని మనం అనుకున్నవే, కానీ విడ్డూరమైనవి కావు. 24 అంగుళాల పైపు, బయటి వ్యాసం 610 మిల్లీమీటర్లు. చుట్టుకొలత 1.92 మీటర్లు. సీసం రంగు చదరపు మీటరుకు 300 గ్రాములుందని, అందులో 30 శాతం సీసమని అనుకుందాం. అంటే చదరపు మీటరుకు 90 గ్రాముల సీసం. గ్యాస్ కట్టర్‌తో చుట్టూ ఒక్క కోత కోస్తే 2 సెంటీమీటర్ల వెడల్పున రంగు కాలుతుందనుకుంటే ఆ పట్టీలో ఉన్న సీసం సుమారు మూడున్నర గ్రాములు. అందులో నూటికి ఒక వంతే పొగగా లేచిందనుకున్నా 34 మిల్లీగ్రాములు.

34 మిల్లీగ్రాములంటే చిటికెడు కూడా కాదు. కానీ పని చేసేచోట గాలిలో సీసానికి అమెరికా పెట్టిన హద్దు, 8 గంటల సగటున, ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు. ఆ 34 మిల్లీగ్రాములను ఈ హద్దుకు దించాలంటే 690 ఘనపు మీటర్ల గాలి కావాలి. 14 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తున్న షెడ్డు నిండా ఉన్న గాలి అంత. ఇదంతా ఒక్క కోతకు. కోసేవాడి ముక్కు ఆ షెడ్డు మధ్యలో ఉండదు, మంటకు రెండడుగుల దూరంలో ఉంటుంది.

సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, ఇంకో రెండొందల డిగ్రీలు ఎక్కితే పొగ వదలడం మొదలుపెడుతుంది. గ్యాస్ కటింగ్ మంట 2,500 డిగ్రీల పైమాటే. అందుకే అమెరికా నిర్మాణ రంగ నిబంధనల్లో ఒక చిన్న వాక్యం ఉంది: విషపు పూత ఉన్న లోహాన్ని మూసిన చోట కోస్తే వేడి తగిలే ప్రాంతం నుంచి కనీసం 4 అంగుళాల మేర పూత తీసేసి ఉండాలి, లేదా కార్మికుడికి బయటినుంచి గొట్టంతో గాలి అందించాలి. పైపు మొత్తం గీకాలని అది చెప్పలేదు. కోత పడేచోటు చాలు. మనవాళ్లు ఈ విషయాన్ని పెద్దగా మాట్లాడుకోరు గానీ, ఖర్చు లెక్కలో ఇది చాలా తేడా తెస్తుంది.

మన దగ్గర ఇళ్ల రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) హద్దు 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అయితే ఆ నియమం ఇళ్లకు, అలంకరణకు వాడే రంగులకే. ఫ్యాక్టరీ పైపు రంగు అందులోకి రాదు. కాబట్టి ‘ఇప్పుడు సీసం నిషేధించారుగా’ అన్న ధీమా పైపుల విషయంలో నిలవదు. సీసం విషం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలోకి ఎక్కింది. దాని దారి కూడా చిత్రమైనది. బట్టలకు అంటుకుని ఇంటికి వెళ్తుంది. నేల మీద పాకే పిల్లల చేతుల్లోంచి నోట్లోకి పోతుంది.

జింకు పొగ ఇంత మొండిది కాదు. సాయంత్రం చలిజ్వరం తెచ్చి ఒకటి రెండు రోజుల్లో వదిలేస్తుంది. పాలు తాగితే, బెల్లం ముక్క తింటే పోతుందని వెల్డింగ్ షాపుల్లో గట్టి నమ్మకం. పాలు పొట్టలోకి వెళ్తాయి, పొగ వెళ్లింది ఊపిరితిత్తుల్లోకి. ఈ నమ్మకం వల్ల పాలవాడికి తప్ప ఎవరికీ లాభం లేదు. కాడ్మియం పూసిన బోల్టులు, కప్లింగులు మాత్రం అలా కాదు, మొదట అదే జ్వరంలా అనిపించి ఊపిరితిత్తులను దెబ్బతీసి ప్రాణం మీదికి తేగలవు.

తారు మీద నేరం రుజువైన కథ

1775లో లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్, పొగగొట్టాలు తుడిచే కుర్రాళ్లకు పెద్దయ్యాక వృషణాల తిత్తికి వచ్చే క్యాన్సర్‌కు మసే కారణమని రాశాడు. ఒక వృత్తికీ ఒక క్యాన్సర్‌కూ ముడిపెట్టిన తొలి మాట అది. ఆ తర్వాత 140 ఏళ్లకు, 1915లో, జపాన్‌లో యమగివా, ఇచికావా అనే ఇద్దరు కుందేళ్ల చెవులకు నెలల తరబడి ఓపిగ్గా కోల్‌తార్ పూసి క్యాన్సర్ తెప్పించి చూపించారు. 1930ల్లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఆ తారులోంచి, పైన చెప్పిన బహువలయ హైడ్రోకార్బన్లలో ఒకటైన బెంజోపైరీన్‌ను విడదీశారు. ఇప్పుడు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బెంజోపైరీన్‌ను మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ఖాయమైన మొదటి గ్రూపులో ఉంచింది.

తారుకు ఇంకో గుణం ఉంది, మన ఎండలకు అది ముఖ్యం. దాని ధూళి చర్మం మీద పడి ఎండ తగిలితే మామూలు ఎండదెబ్బ కంటే చాలా ఎక్కువగా చర్మం కాలుతుంది. మే నెలలో పొట్టి చేతుల చొక్కాతో తారు పైపు గీకే మనిషికి ఒంటిమంట ఎండవల్లే అనిపిస్తుంది. అందులో సగం పాపం తారుది.

ఆస్‌బెస్టాస్ ఫెల్టు విషయంలో నియమాలు ఒక తేడా చూస్తాయి. చేత్తో నలిపితే పొడి అయ్యేది ఒక రకం, తారులో, సిమెంటులో బిగుసుకుని నలగనిది ఒక రకం. పైపు చుట్టూ ఉన్నది మామూలుగా రెండో రకం. తడిపి, పెద్ద ముక్కలుగా ఊడదీస్తే, ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు చేసే ఆస్‌బెస్టాస్ నార తారులోనే ఉండిపోతుంది. గ్రైండర్ పెట్టినా, పొడిగా బ్లాస్టింగ్ చేసినా, తారు కాలిపోయేలా మంట పెట్టినా అదే ఫెల్టు మొదటి రకంలోకి మారిపోతుంది. దాని జబ్బులు బయటపడడానికి 20 నుంచి 40 ఏళ్లు పడుతుంది కాబట్టి, ఆ రోజు పని చేయించిన కాంట్రాక్టరు ఆ సంగతి ఎప్పటికీ వినడు.

తీసే దారులు, వాటి వెనకాల వచ్చే బరువు

మంట పెట్టి కాల్చడం అన్నిటికంటే చౌక, అన్నిటికంటే చెడ్డ దారి. పైపు మీద పీవీసీ టేపు కూడా ఉంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి, డయాక్సిన్లు అనే మొండి విషాలు అదనం. మూసిన ఓవెన్‌లో, గాలి తక్కువగా ఇచ్చి, వచ్చే ఆవిరిని మళ్లీ 850 డిగ్రీల దాకా కాల్చే ఏర్పాటు ఉంటే అది వేరే సంగతి. కానీ 12 మీటర్ల పైపు పట్టే ఓవెన్ ఎన్ని గోడౌన్లలో ఉంటుంది?

సుత్తి, ఉలి, గీకుడు యంత్రం. కోల్‌తార్ ఎనామిల్ చల్లగా ఉంటే పెళుసు, దెబ్బకు పెంకులుగా రాలుతుంది. అదే పైపు మధ్యాహ్నపు ఎండలో వేడెక్కితే పూత సాగి సుత్తికే అంటుకుంటుంది. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి కొట్టే పద్ధతీ ఉంది, ఖర్చు ఎక్కువ. తడిపి చేస్తే, కింద టార్పాలిన్ పరిస్తే, పెంకులు పెద్దవిగా వస్తే ఇది అంత చెడ్డ దారి కాదు. మిగిలే చెత్త పూత బరువంతే ఉంటుంది. ఇది చాలామంది పట్టించుకోని లాభం.

బ్లాస్టింగ్ అంటే గాలి ఒత్తిడితో గరుకు రేణువులను కొట్టడం. ఇసుకతో చేస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని బ్రిటన్ 1949లోనే కాస్టింగులను ఇసుకతో బ్లాస్టింగ్ చేయడం నిషేధించింది. ఇసుక బదులు వాడే వాటిలో గార్నెట్ ఒకటి. మన శ్రీకాకుళం తీరపు ఇసుకలో దొరికే ఎర్రటి ఖనిజం అది. గార్నెట్‌తో సిలికా భయం బాగా తగ్గుతుంది, పూత ధూళి మాత్రం తగ్గదు. పైగా కొట్టిన రేణువులన్నీ పూతతో కలిసి ప్రమాదకర చెత్త అయిపోతాయి. మళ్లీ రంగు వేయబోయే పైపుకు ఇది మంచి పద్ధతి. కరిగించబోయే పైపుకు ఉపరితలం అంత నున్నగా ఎందుకు?

నీటి జెట్ పద్ధతిలో ఒత్తిడి 30 వేల పీఎస్‌ఐ, అంటే రెండు వేల బార్ పైన ఉంటుంది. ఆ నీళ్లు బూటును, అందులో కాలును కోసేయగలవు. ధూళి, వేడి రెండూ ఉండవు కాబట్టి ఆస్‌బెస్టాస్‌కూ, చమురు పైపుల్లోని రేడియం పొలుసుకూ దీన్నే ఎక్కువగా ఎంచుకుంటారు. బదులుగా నల్లటి నీళ్లు వస్తాయి. వాటిని పట్టి, వడగట్టి, మళ్లీ వాడే ఏర్పాటు లేకపోతే సమస్య గాలిలోంచి మురికి కాలువలోకి దిగుతుంది.

ఇండక్షన్ పద్ధతి మన వంటింటి ఇండక్షన్ పొయ్యి సూత్రమే. రాగి చుట్టను పైపు మీద నడిపిస్తే పూత కాదు, దాని కింది ఉక్కు వేడెక్కుతుంది. పూతకూ ఉక్కుకూ మధ్య పట్టు వదిలిపోయి పొర అట్టలా ఊడివస్తుంది. ఉక్కు 150, 200 డిగ్రీల దగ్గర ఉంటే చాలు, మంట అక్కర్లేదు. ఎపాక్సీ, పాలీఇథిలీన్ పూతలకు ఇది ముచ్చటగా పనిచేస్తుంది. కోల్‌తార్ దగ్గర మాత్రం హద్దు సన్నం, కాస్త ఎక్కువ వేడైతే కరిగి ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరిని అక్కడికక్కడే పీల్చేసే గొట్టం లేకుండా వాడితే పేరుకే కొత్త పద్ధతి.

పూత ఊడదీసే రసాయనాల్లో ఒకప్పుడు రాజు మిథిలీన్ క్లోరైడ్. మూసిన చోట పనిచేసే వాళ్లను చంపిన చరిత్ర ఉంది దానికి. అమెరికా 2024లో దాని వాడకాలు చాలావాటిని నిషేధించింది. లేజర్‌తో తీయడం శుభ్రమే గానీ, మందపాటి తారుకు నత్తనడక.

ఒక కిలోమీటరు పైపు లెక్క

అదే 24 అంగుళాల పైపు, గోడ మందం 9.5 మిల్లీమీటర్లు. మీటరు ఉక్కు బరువు 140 కిలోల చిల్లర. దాని మీద 4 మిల్లీమీటర్ల కోల్‌తార్ ఎనామిల్, సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లు అనుకుంటే మీటరుకు 11.5 కిలోల పూత. కిలోమీటరుకు 140 టన్నుల ఉక్కు, 11.5 టన్నుల పూత. మొత్తం ఉపరితలం 1,916 చదరపు మీటర్లు.

గీకి పెంకులుగా తీస్తే చెత్త ఆ 11.5 టన్నులే, కాస్త టార్పాలిన్లు, చేతితొడుగులు అదనం.

బ్లాస్టింగ్‌కు చదరపు మీటరుకు 50 కిలోల రేణువులు పట్టాయనుకుందాం. 96 టన్నుల రేణువులు, 11.5 టన్నుల పూత, వెరసి 107 టన్నులు. ఉక్కు బరువులో నాలుగింట మూడు వంతులు.

నీటి జెట్ గంటకు 5 చదరపు మీటర్లు శుభ్రం చేస్తూ నిమిషానికి 20 లీటర్లు తాగుతుందనుకుంటే, 383 గంటల్లో 4 లక్షల 60 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 92. ఆ నీళ్లనే తిప్పి తిప్పి వాడితే ఇందులో కొద్ది భాగమే మిగులుతుంది, కానీ ఆ వడపోత యంత్రం కిరాయి టెండరులో రాసి ఉండాలి.

‘ఏ పద్ధతి మంచిది’ అన్న ప్రశ్నకు పద్ధతి పేరుతో జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఈ లెక్కే. పూత ఏది, దాన్ని తీశాక మిగిలే చెత్తకు చోటెక్కడ అన్నవి తేలితే గానీ జవాబు రాదు.

తీసిన చెత్త వెళ్లే ఊళ్లు

మన దేశంలో దీన్ని చూసేది 2016 నాటి ప్రమాదకర, ఇతర వ్యర్థాల నియమాలు. చెత్త పుట్టించినవాడిదే బాధ్యత. మామూలుగా 90 రోజులకు మించి దగ్గర పెట్టుకోకూడదు. లారీ ఎక్కించేటప్పుడు ఫారం 10 అనే రవాణా పత్రం నింపాలి. అది చేరిన చోటి నుంచి సంతకం పడి ఒక ప్రతి వెనక్కి రావాలి. చేర్చే చోట్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. తెలంగాణలో హైదరాబాద్ శివారు దుండిగల్, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ దగ్గరి పరవాడ.

తారు చెత్తకు ఇంకో దారి కూడా ఉంది. అది మండుతుంది కాబట్టి సిమెంటు కొలిమిలో ఇంధనంగా కలిపి కాల్చవచ్చు. సుమారు 1,450 డిగ్రీల దగ్గర బెంజోపైరీన్ విరిగిపోతుంది, రాతిపొడి సిమెంటులో కలిసిపోతుంది. పాతిపెట్టడం కంటే ఇది మేలని చెప్పేవాళ్లున్నారు. ఆస్‌బెస్టాస్ ఫెల్టు కలిసి ఉంటే మాత్రం ఆ దారి మూసుకుపోతుంది, మూటకట్టి పాతాల్సిందే. గీకేటప్పుడు ఫెల్టునూ తారునూ కలగాపులగం చేస్తే మొత్తం కుప్ప ఖరీదైన దారిలోకి వెళ్తుంది.

అసలు తీయాలా అన్న వాదన

ముట్టుకోవద్దనే వాళ్ల వాదన ఇది. గీకడంలో మనిషి పూతకు దగ్గరగా గంటల తరబడి ఉంటాడు. అలాకాకుండా మంట లేని కోత, అంటే హైడ్రాలిక్ షేర్ అనే పెద్ద కత్తెర యంత్రంతోనో రంపంతోనో ముక్కలు చేసి, పూతతో సహా పెద్ద ఆర్క్ ఫర్నేస్‌కు, అంటే కరెంటు మెరుపుతో ఉక్కు కరిగించే కొలిమికి పంపితే? అక్కడ ఉక్కు 1,600 డిగ్రీల దగ్గర కరుగుతుంది, తారు కాలిపోతుంది, సీసం, జింకు ఆవిరై పొగ గొట్టంలోని సంచీ వడపోతల్లో ధూళిగా చిక్కుతాయి. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది. ఆ ధూళిలోంచి జింకును మళ్లీ తీసే పరిశ్రమే ఉంది. పాత పద్ధతి కంటే ఇది తెలివైనదే.

ఎదుటివాళ్ల జవాబు: ఆ ఫర్నేస్ ఎక్కడుంది? హైదరాబాద్ చుట్టూ, రెండు రాష్ట్రాల పారిశ్రామికవాడల్లో తుక్కు కరిగించి కడ్డీలు చేసే చిన్న మిల్లుల్లో ఎక్కువ ఇండక్షన్ ఫర్నేస్‌లు. వాటి నోరు పైకి తెరిచి ఉంటుంది. తారు ముక్క వేస్తే పొగ ముందు తగిలేది పైన నిలబడి తుక్కు వేసే కార్మికుడికి. మూతపడిన పైపు ముక్కలో నీళ్లుంటే ఆవిరి పేలి కరిగిన ఉక్కు చిమ్ముతుంది. పూతతో పంపడం మంచిదా కాదా అన్నది కొలిమి మీద ఆధారపడే ప్రశ్న అని నాకనిపిస్తుంది. వడపోత, ఆవిరిని మళ్లీ కాల్చే ఏర్పాటు ఉన్న చోట మొదటివాళ్లది పైచేయి, లేనిచోట రెండోవాళ్లది.

భూమిలోనే వదిలేయాలనే మూడో పక్షాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. గ్యాస్ ఖాళీ చేసి, చివరలు మూసి వదిలేయడం అమెరికాలో మామూలే. బెంజోపైరీన్ లాంటివి నీళ్లలో దాదాపు కరగవు, మట్టిని గట్టిగా పట్టుకుంటాయి, కాబట్టి తారు కదలకుండా ఉంటుంది. పోయేది ఉక్కు. కాలం గడిచాక పైపు తుప్పుపట్టి కూలితే పైన రోడ్డు కుంగుతుంది, అందుకే పెద్ద పైపుల్లో సిమెంటు గుజ్జు నింపుతారు. పొలం యజమానికి ఎప్పుడో నాగలికి తగిలే ఆ పైపు ఎవరిదన్న పేచీ కూడా మిగులుతుంది.

కరిగించకుండా అలాగే వాడుకోవడమూ రీసైక్లింగే. పల్లెల్లో పాత పైపులు పందిరి స్తంభాలు, పశువుల పాక గుంజలు, గేట్లు అవుతాయి. ఉక్కు కరిగించే కరెంటు మిగులుతుంది. కానీ నారింజ రంగు ప్రైమర్ ఉన్న పైపును గేటు చేయడానికి వెల్డింగ్ షాపులో మంట పెట్టి రంగు కాల్చితే, పైన వేసిన లెక్క మళ్లీ మొదలవుతుంది. ఈసారి షెడ్డు ఇంటి ముందే ఉంటుంది.

కాటా మీద తారు ధర

పాత పైపుల వేలం ఎక్కువగా ‘ఉన్నది ఉన్నట్టుగా’ షరతుతో, బరువు లెక్కన జరుగుతుంది. పైన చెప్పిన పైపు మీటరు ముక్కను కాటా మీద పెడితే 152 కిలోలు తూగుతుంది. కొన్నవాడికి దక్కే ఉక్కు 140 కిలోలు. కిలో 35 రూపాయలనుకుంటే కిలోమీటరుకు అతను సుమారు 4 లక్షల రూపాయలు తారుకు కట్టినట్టు. ఆ తారును దుండిగల్‌కో పరవాడకో చేర్చడానికి మళ్లీ లారీ కిరాయి, అక్కడి రుసుము. అమ్మిన సంస్థ చేతులు దులుపుకుంటుంది, కొన్నవాడు మార్జిన్ చూసుకుంటాడు. గ్యాస్ కట్టర్ మంటకు మాత్రం ఈ బిల్లులో ఎక్కడా పద్దు ఉండదు.

దీన్ని తిప్పి రాసే పద్ధతులు లేకపోలేదు. పూత రకం ముందే ల్యాబ్‌లో తేల్చి వేలం పత్రంలో రాయడం, ధర పూత తీసిన తర్వాతి బరువుకే కట్టడం, ఫారం 10 ప్రతి తెచ్చేదాకా డిపాజిట్ ఆపి ఉంచడం. అమ్మేవాళ్లు దీనివల్ల ధర పడిపోతుందంటారు, అది నిజమే. చిన్న వ్యాపారులు తమను పక్కకు నెట్టి పెద్ద కంపెనీలకే ఇచ్చేందుకు ఇదొక సాకు అంటారు, అందులోనూ కొంత నిజముంది. అయినా ఈ ఫారం 10 కాగితం ఒక్కటి అడిగితే లెక్క బయటపడుతుంది. కిలోమీటరు పైపు అమ్ముడైన చోట 11 టన్నుల తారు ఎక్కడైనా దిగినట్టు సంతకం ఉండాలి. అది లేకపోతే, ఆ 11 టన్నులూ గోడౌన్ పక్కన మనం చూసిన పొగలోనే పోయాయి.